అయిదు కార్డుల కుళాయి

పుల్లేటిలంక పురపాలక సంఘంలో ఎవరికైనా పని జరిగిందంటే అది వాళ్ళ అదృష్టమేనని మా ఊళ్ళో తాతల కాలం నుంచీ అంటున్నారు. అందరూ ఎగతాళికి అన్న ఆ మాటని మనసులో పెట్టుకుని, దానికో పథకం తయారుచేసిన మహానుభావుడు మా కమీషనరు పరంజ్యోతి గారు. నేను ఆ ఆఫీసులో నీటి సరఫరా విభాగం గుమాస్తాని. పేరు గుర్నాథం. పై అధికారుల మీద నాకెలాంటి ఫిర్యాదూ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మంచిది, మీకూ మంచిది.

పరంజ్యోతి గారు మాకు బదిలీ మీద వచ్చేనాటికే ఫోన్లో ఒక ఆట మరిగి ఉన్నారు. దాని పేరు మాయాసంగ్రామం. రాక్షసులు, మునులు, రెండు తలల గుర్రాల బొమ్మలున్న కార్డులు పోగుచేసుకుని, ఎక్కడో ఉన్న మొహం తెలియని వాడితో యుద్ధం చెయ్యాలి. కార్డులు కావాలంటే ప్యాకెట్ కొనాలి. లోపల ఏముందో కొన్నాకే తెలుస్తుంది. కావలసింది రాకపోతే ఇంకోటి కొనాలి. అదీ రాకపోతే ఇంకోటి. చచ్చీచెడీ అన్నీ పోగేశాక కంపెనీవాడు తీరిగ్గా "పాత సంపుటి ఇక చెల్లదు, కొత్తది వచ్చింది" అంటాడు. మళ్ళీ మొదటికి. ఫోన్లో ప్యాకెట్ చినిగినప్పుడల్లా మెరుపులొస్తాయి, శంఖం మోగుతుంది. ఆఫీసులో శంఖం వినిపించిందంటే అయ్యగారు ఇంకో ప్యాకెట్ కొన్నారని మాకు గుర్తు. ఒకరోజు బంగళా నుంచి అమ్మగారు ఫోన్ చేసి, "గుర్నాథం గారూ, ఆయన జీతం నా చేతికిచ్చే రూలేదన్నా ఉందేమో చూసి పెడుదురూ" అన్నారు. చూశాను. లేదు.

అలా ఉండగా ఓ సోమవారం మీటింగులో అసిస్టెంట్ ఇంజనీరు తాతారావు గారు ఫిర్యాదులు చదువుతున్నారు. కుళాయి కోసం ఏడాదిగా తిరుగుతున్నవాళ్ళు, ఇంటి ప్లాను కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నవాళ్ళు, తిరిగి తిరిగి పోయినవాళ్ళు. మధ్యలో శంఖం మోగింది. కమీషనరు గారు ఫోన్లోంచి తలెత్తారు.

"తాతారావ్, జనానికి మన మీద కోపం ఎందుకంటావ్?"

"పనులవ్వక అండి."

"పొరపాటు. నాకు నెల రోజులుగా రెండు తలల గుర్రం పడలేదు. నాకు కోపం వచ్చిందా? లేదు. రేపు పడుతుందన్న ఉత్కంఠ వచ్చింది. ఆటలో ఏం దొరుకుతుందో తెలీదు. మన ఆఫీసులోనూ తెలీదు. అక్కడ మనిషి డబ్బిచ్చి మరీ మురిసిపోతున్నాడు, ఇక్కడ శాపనార్థాలు పెడుతున్నాడు. లోపం ఎక్కడుంది? మన సేవల్లో లేదు. మన ప్యాకింగులో ఉంది!"

తాతారావు గారు నావంక చూశారు. నేను ఫ్యానువంక చూశాను. ఆ సాయంత్రానికల్లా సర్క్యులర్ తయారైంది. అందులో ఇలా ఉంది: "పౌరుని నిరీక్షణను వినోదముగా రూపాంతరీకరించు సదుద్దేశముతో, ఇకమీదట పురపాలక సేవలన్నియు దరఖాస్తుల ద్వారా గాక, సేవాభాగ్యం అను ముద్రిత కార్డుల ప్యాకెట్ల ద్వారా మాత్రమే లభ్యమగును. ప్యాకెట్టులోని వస్తువు విషయమై సంఘమునకు ఎట్టి బాధ్యతయు, ఎట్టి అవగాహనయు ఉండదు."

కార్డుల్ని నాలుగు తరగతులు చేశారు. సామాన్యం, విశేషం, దుర్లభం, దైవికం. వీధికుక్కల పట్టివేత, దోమల పొగ సామాన్యాలు. కుళాయి కావాలంటే అయిదు కార్డుల సెట్టు పడాలి. దరఖాస్తు అంగీకారం, రోడ్డు తవ్వే అనుమతి, పైపు, కుళాయి తల, ఆఖరున కమీషనరు గారి సంతకం. ఈ సంతకం కార్డు దైవికం. బంగారు అంచు, పైన గొడుగు, కింద అయ్యగారి చేవ్రాలు. ఊరు మొత్తానికీ ఒక్కటే అచ్చు వేయించారు.

"ఒక్కటేనాండీ? మరి రెండో ఇంటికి కుళాయి ఎలాగండీ?" అన్నారు తాతారావు గారు.

"మొదటి ఇంటికి కుళాయి ఇస్తాం. మిగతా ఇళ్ళకి ఆశ ఇస్తాం. ఆశకి పైపులైను అక్కర్లేదు కదా," అన్నారు కమీషనరు గారు.

నేను దాన్ని మినిట్స్‌లో రాసుకున్నాను.

ప్యాకెట్లు అచ్చయి వచ్చిన మర్నాడు పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి పాపాయమ్మ. తాటాకుల వీధి మొదట్లో పెసరట్ల బండి ఆవిడది. నేను రోజూ అక్కడే టిఫిన్ చేస్తాను గనక ఆవిడ బాధ నాకు కొత్త కాదు. కుళాయి కోసం ఏడాదిగా మా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. మా ఊరి చుట్టూ కాలవలే, ఊళ్ళో మాత్రం చుక్క నీరుండదు. మంచినీళ్ళ పైపు ఆవిడ బండి చక్రాల కిందనుంచే పోతుంది, వీధి చివరి వాల్వు దగ్గర కట్టేసి ఉంటుంది. ఆవిడేమో రెండు వీధులవతల బోరింగు దగ్గర్నుంచి బిందెలు మోసుకోవాలి.

"గుమాస్తా గారూ, ఇంక బిందె ఎత్తితే మోకాళ్ళు మార్పించాల్సిందేనని డాక్టరమ్మ అనేసిందండి. ఎండాకాలం వొచ్చేలోగా కుళాయి పడకపోతే బండి తీసెయ్యాల్సిందే. బండి తీసేస్తే నేను తినేదేటండీ?" అంది.

"దరఖాస్తులు తీసుకోవడం ఆపేశామమ్మా. ప్యాకెట్ కొనుక్కో."

"లోపల కుళాయి ఉంటాదాండీ?"

"ఉండొచ్చు."

"ఉండకపోతే?"

"ఇంకోటి కొనుక్కోవచ్చు."

పాపాయమ్మ నడుం మీద చెయ్యేసుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఓరి నాయనో! పెసరట్టు అడిగినోడికి లోపలేవుందో సెప్పకుండా పొట్లం చేతిలో ఎడితే, రేపు నన్ను ఈదిలో నిలబడనిత్తారాండీ?"

"అమ్మా, నీది వ్యాపారం. ఇది పరిపాలన," అన్నాను. ఆ మాట ఆ పూట నాకు బాగానే అనిపించింది.

ఆవిడ కొంగుముడి విప్పి ఒక ప్యాకెట్ కొంది. మూడు కుక్కల పట్టివేతలు, ఒక దోమల పొగ, ఒక 'ఇతరములు' వచ్చాయి.

"ఈ ఇతరములు అంటే ఏటండీ?"

"అది మాకూ తెలీదు," అన్నాను. నిజమే చెప్పాను. డిజైనులో ఒక గడి ఖాళీ మిగిలితే కమీషనరు గారు అలా వేయించారు.

ఊరు మాత్రం ఊగిపోయిందండీ. కాస్త స్తోమతున్న వాళ్ళు మా ఆఫీసు పెట్టిన యాప్‌లో కొనేవారు. అందులో ప్యాకెట్ చినిగితే సన్నాయి వస్తుంది, కార్డు గిరగిరా తిరుగుతుంది. ఒకే కార్డు నాలుగుసార్లు వస్తే దంచి పొడి చేసుకోవచ్చు, ఆ పొడితో ఇంకో కార్డు చేసుకోవచ్చు. జనం కుక్కల్ని దంచి దోమల్ని చేసుకున్నారు. నీళ్ళు లేవన్న గొడవ పోయి, 'నీకు ఏం పడింది' అన్న పలకరింపు వచ్చింది. మా ఆఫీసు ముందు ధర్నాలు ఆగిపోయాయి. పథకం విజయవంతమైందని కమీషనరు గారు పై అధికారులకి రాసుకున్నారు.

రిటైరైన హెడ్మాస్టరు సూర్యం గారికి ఒకే దెబ్బకి దుర్లభం పడింది. వెండి అంచు మరణ ధ్రువీకరణ పత్రం, ఆయన పేరుతోనే. వీధివీధంతా వెళ్ళి ఆయన్ని అభినందించింది. ఆయన కూడా పటం కట్టించుకున్నారు. మర్నెల్లో పింఛను ఆగింది. ఆఫీసుకొస్తే కౌంటర్లో అమ్మాయి, "మీరు దివంగతులు కదండీ, ఈ లైన్లో నిలబడకూడదు" అంది. తిరిగి బతకాలంటే జనన ధ్రువీకరణ కార్డు పడాలి. మాస్టారు పాపం ఫోను ముందేసుకుని పగలంతా పుట్టడానికి ప్రయత్నిస్తూ ఉండేవారు.

పాపాయమ్మకి మాత్రం ఎన్ని కొన్నా కుక్కలే. కార్డు వచ్చాక సేవ జరిపి తీరాలి కదా, అది మా నిజాయితీ. వారానికి నాలుగుసార్లు కుక్కల బండి ఆవిడ దగ్గరికి వెళ్ళేది. ఆవిడకి కుక్క లేదు. వీధిలో ఉన్న ఒక్క కుక్కనీ పట్టేశారు. పట్టింది పట్టినట్టుంటే రేపటి కార్డుకి ఏది పట్టాలి? అందుకని దాన్ని పట్టి, సందు చివర వదిలి, మళ్ళీ పట్టేవారు. అది కూడా అలవాటుపడి బండి రాగానే తనే ఎక్కి కూర్చునేది. పట్టడానికొచ్చిన నలుగురికీ మొహమాటానికి పెసరట్లు పెట్టలేక పాపాయమ్మ చచ్చిపోయేది. దానికి మళ్ళీ నీళ్ళు కావాలి. ఒక పొద్దున చూస్తే, బిందె దించి మోకాళ్ళు పట్టుకుని బల్ల మీద కూలబడిపోయి ఉంది. పెనం మీద అట్టు మాడుతోంది. అది చూశాక నాకు ముద్ద దిగలేదు.

ఆవిడ అలా కూర్చునే నాతో, "గుమాస్తా గారూ, మేం ఇరవై మంది ఆడోళ్ళం చీటీ వేసుకుంటాం కదా. ఒక్కరి డబ్బులు చాలవని కదండీ చీటీ కట్టేది. ఈ కార్డుల్ని మట్టుకు ఎవరికాళ్ళం ఎందుకు దాసుకుంటన్నాం?" అంది.

ఆ సాయంత్రమే తాటాకుల వీధి ఆడవాళ్ళందరూ బండి దగ్గర గోనెపట్టా పరిచి, ఎవరి కార్డులు వాళ్ళు తెచ్చి గుమ్మరించారు. ఒకరి దగ్గర దరఖాస్తు అంగీకారం, ఇంకొకరి దగ్గర పైపు ఉన్నాయి. ఒకరి దగ్గర కుళాయి తల ఉంది. ఒకావిడ రోడ్డు తవ్వే అనుమతిని అప్పడాల డబ్బా మూతకింద పెట్టుకుంది. జనన ధ్రువీకరణ కూడా దొరికితే సూర్యం మాస్టారికి ఇచ్చేశారు. డెబ్భై రెండో ఏట ఆయన అక్కడికక్కడే పుట్టారు, అందరికీ టీలు ఇప్పించారు. అయిదింట్లో నాలుగు కార్డులు కుదిరాయి. కుళాయి ఎవరింటికన్న మాట వచ్చినప్పుడు, "పాపాయమ్మ బండి దగ్గర పెడదాం. నడివీధి, అందరం పట్టుకోవచ్చు" అంది టైలరు నూకరత్నం. ఎవరూ కాదనలేదు. ఇంక దైవికం ఒక్కటే కావాలి.

అది ఎవరికీ పడలేదు. ఆ వీధివాళ్ళు ప్యాకెట్లు కొనడమూ తగ్గించేశారు. ఉన్నవే మార్చుకుంటున్నారు. ఊరికే కూర్చోలేక నూకరత్నం పాత శుభలేఖలు చతురస్రాలుగా కత్తిరించి, వెనకవైపు జాకెట్ డిజైన్లు గీసే పెన్సిల్‌తో సొంతంగా బొమ్మలు వేసింది. బోరింగు, బిందె, పెనం, కుక్క, ఊళ్ళో పెద్దమనుషులు. నాలుగు బిందెలు ముందెవరు నింపితే వాళ్ళు గెలిచినట్టు. రోజూ సాయంత్రం బండి దగ్గర ఒకటే నవ్వులు.

అమ్మకాలు పడిపోయాయని లెక్క చూసుకుని కమీషనరు గారు మండిపడ్డారు. "అదృష్టం వ్యక్తిగతం! దానిని సామూహికంగా అనుభవించడం పథకం స్ఫూర్తికి విరుద్ధం. పదండి, స్వాధీనం చేసుకుందాం," అని జీపెక్కారు. వెనక నేనూ, తాతారావు గారూ.

మేం వెళ్ళేసరికి ఆట మంచి పట్టులో ఉంది. జీపు చూసి అందరూ లేచి నిలబడ్డారు, పాపాయమ్మ తప్ప. ఆవిడ లేవలేక కాదు, చేతిలో మంచి కార్డులున్నాయి.

"రండి బాబుగారూ, కూకోండి. టీ పెట్టమంటారా?" అంది. తర్వాత బండి సొరుగులోంచి నాలుగు కార్డులూ తీసి ఆయన ముందు పేర్చి, పక్కన తెల్లకాయితం ఒకటి పెట్టింది. "అన్నీ కుదిరాయండి. మీ సంతకం ఒక్కటే తక్కువ. పెట్టేది మీరే కదండీ. ఈ కాయితం మీద పెట్టేత్తే మా పీడా పోద్ది, మీ పీడా పోద్ది."

కమీషనరు గారు జాలిగా నవ్వారు. "అమ్మా, నేను పెట్టగలను. కానీ అప్పుడది ఉత్త సంతకం అవుతుంది. కార్డు అవదు. నియమావళి ప్రకారం కార్డు మీద ఉన్న నా సంతకానికి విలువ ఉందిగాని, నాకు లేదు."

"అయితే ఆ కార్డు ఎవరికన్నా పడిందాండీ?"

ఆయన మెల్లిగా కోటు లోజేబులోంచి చిన్న ఆల్బం తీసి, మొదటి పేజీ తెరిచారు. బంగారు అంచు, గొడుగు, చేవ్రాలు. దైవికం ఆయన జేబులోనే ఉంది! నాణ్యత పరీక్ష పేరు చెప్పి రోజూ స్టోరు గదిలోంచి ఆయన ప్యాకెట్లు తెప్పించుకుంటున్న సంగతి నాకు తెలుసు. తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. అవి ఆయనే చింపుకుంటున్నారని మాత్రం ఊహించలేదు.

"నాకే పడింది," అన్నారాయన. సిగ్గుపడ్డారేమో అనుకున్నాను. లేదు, మురిసిపోతున్నారు.

"మీ సంతకం మీకెందుకండి బాబూ?" అంది నూకరత్నం.

"మీకు అర్థం కాదమ్మా. సెట్టు పూర్తవడంలో ఉన్న సుఖం వేరు."

పాపాయమ్మ ముక్కలు కలిపి, "సరే, ఒక ఆట ఆడండి మరి," అని ఆయనకీ పంచింది. కమీషనరు గారికి కార్డు కనిపిస్తే చెయ్యి ఆగదు. కూర్చున్నారు. ఒక ముక్క మీద తాతారావు గారు వాల్వు తిప్పే తాళంచెవి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నారు. ఇంకో ముక్క మీద నేను. కింద 'రేపు రండి' అని రాసి ఉంది. ఆ ముక్క పడినవాళ్ళు ఒక ఆట ఆగాలట. నాకు ఒళ్ళు మండింది. ముక్కు మాత్రం బాగా కుదిరింది.

కమీషనరు గారు మొదటి ఆట ఓడిపోయారు. రెండోదీ ఓడిపోయారు. ఓడినప్పుడల్లా చిన్నపిల్లాడి నవ్వు నవ్వుతున్నారు. మాయాసంగ్రామంలో గెలిచినప్పుడు కూడా ఆయన అలా నవ్వగా నేను చూడలేదు.

"ఇంకో ఆటకి ఎంత కట్టాలి?" అని జేబులో చెయ్యి పెట్టారు.

"కట్టేదేటండీ! ఇంకో టీ తాగండి, చాలు."

మూడో ఆటలో ఆయన చేతికి ఒక కొత్త ముక్క వచ్చింది. నెత్తిన కిరీటం, ఒక చేతిలో శంఖం, ఒక చేతిలో ఫోను, కాళ్ళ దగ్గర పొర్లుతున్న ఖాళీ బిందెలు. మొహం అచ్చం పరంజ్యోతి గారిదే. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"ఇది... ఇది ఇంకా ఎవరి దగ్గరైనా ఉందా?"

"లోకం మొత్తమ్మీద ఇదొక్కటేనండి," అంది నూకరత్నం.

"ఏ తరగతి?"

"మా ఈదిలో తరగతులు లేవండి."

"నాకిచ్చెయ్యండి."

"ఎలా ఇత్తామండి? సెట్టు చెడిపోద్ది కదా," అంది పాపాయమ్మ, పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ. "సెట్టు పూర్తవడంలో సుఖం వేరని తమరే అన్నారు."

కమీషనరు గారు ఆల్బం వంక చూశారు, ముక్క వంక చూశారు. ఒక అధికారి అంతర్మథనం అంత దగ్గర్నుంచి చూడడం నాకదే మొదలు. చివరికి ఆల్బంలోంచి దైవికం తీసి గోనెపట్టా మీద పెట్టి, శుభలేఖ ముక్క గుండెకి హత్తుకుని జీపెక్కేశారు. స్వాధీనం సంగతి ఎవరూ ఎత్తలేదు.

అయిదు కార్డులూ కుదిరాయి. రోడ్డు తవ్వారు, పైపు కలిపారు, బండి పక్కన కుళాయి నిలబెట్టారు. రిబ్బను కట్టారు. కమీషనరు గారు కత్తిరించారు. వీధంతా బిందెలతో నిలబడి ఉంది. పాపాయమ్మ తలస్నానం చేసి, కుళాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని తిప్పింది. బుస్సుమని గాలొచ్చింది. ఇంకా తిప్పింది. ఇంకా గాలొచ్చింది.

"నీళ్ళేవండీ?" అంది పాపాయమ్మ.

తాతారావు గారు తల దించుకున్నారు. కమీషనరు గారే గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీరు పూర్తి చేసినది కుళాయి సెట్టు. కుళాయి వచ్చింది. నీరు అనునది ప్రత్యేక సేవ. అది రెండవ సంపుటిలో విడుదలవుతుంది, వచ్చే సోమవారం నుంచి. అన్నట్టు, ఆరోజు నుంచి మొదటి సంపుటి కార్డులు చెల్లవు. ఇక కుళాయి ఉన్న ఇల్లు గనక ఈ నెల నుంచి నీటిపన్ను వర్తిస్తుంది."

పాపాయమ్మ తిట్టలేదు. తిడుతుందని నేను ఎదురుచూశాను, తిడితే నాకు తేలికగా ఉండేది. కుళాయి కట్టేసి, బిందె తీసుకుని, కుంటుకుంటూ బోరింగు వైపు నడిచింది. నాకు నిజంగా సిగ్గేసింది.

పన్నులు కట్టే గడువు దగ్గర పడింది. ఆ రోజు పొద్దున్నే తాటాకుల వీధి మొత్తం లైన్లో నిలబడి ఉంది. ఒక్కొక్కరి చేతిలో మైదాపిండితో అంటించిన కాగితం పొట్లం. ముందు పాపాయమ్మ.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"పన్నండి."

"డబ్బులేవీ?"

"లోపలండి. ఉండొచ్చు."

"ఉండకపోతే?"

"వొచ్చే నెల ఇంకోటి ఇత్తామండి."

నాకేం చెయ్యాలో తెలియక పొట్లాలన్నీ కమీషనరు గారి గదికి మోసుకెళ్ళాను. చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. కుర్చీ ముందుకు లాక్కుని, ఒక్కొక్కటే చింపడం మొదలుపెట్టారు. కుక్క. కుక్క. దోమల పొగ. కుక్క. చెల్లకుండా పోయిన మొదటి సంపుటి కార్డులన్నీ అలా మాకే తిరిగొచ్చాయి. మధ్యలో ఎక్కడో ఒక పదిరూపాయల నోటు పడింది. "దుర్లభం!" అని ఆయన కేక పెట్టారు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాటికి ఊళ్ళో మిగతా వీధులు కూడా పొట్లాలు అంటించడం నేర్చుకున్నాయి. ఇంటిపన్ను, చెత్తపన్ను, కొట్ల అద్దెలు, అన్నీ పొట్లాలే. వద్దంటే జనం మా సర్క్యులరే తీసి చూపించారు. అందులో ప్యాకెట్టులోని వస్తువుకి బాధ్యత లేదనే ఉంది. ఎవరికి లేదో రాయలేదు. రాసింది నేనే.

నెలాఖరుకి ఖజానా ఖాళీ. కమీషనరు గారు మీటింగు పెట్టి, "ఉద్యోగుల నిరీక్షణను కూడా వినోదాత్మకం చేయవలసిన సమయం ఆసన్నమైంది," అని తలా ఒక కవరు ఇచ్చారు. దాని పేరు జీతభాగ్యం. ఇంట్లో మా ఆవిడ బియ్యం డబ్బా అడుగు గీకుతోంది. దేవుణ్ణి తలుచుకుని చింపాను. వీధికుక్కల పట్టివేత.

పక్కన తాతారావు గారు తన కవరు చింపి, లోపలి కార్డుని చాలాసేపు చూశారు. తర్వాత లేచి, గోడకి వేలాడుతున్న వాల్వు తాళం అందుకుని బయటికి నడిచారు.

"తాతారావ్! ఎవరి అనుమతితో?" అని అరిచారు కమీషనరు గారు.

తాతారావు గారు వెనక్కి తిరిగి తన జీతం కార్డు ఎత్తి చూపించారు. దాని మీద 'ఇతరములు' అని ఉంది.

"ఇతరములు అంటే ఏవిటో ఇప్పుడు తెలిసిందండి," అన్నారు.

నేనూ ఆయన వెనకే వెళ్ళాను. తాటాకుల వీధి చివర మూత ఎత్తి, తాళం దూర్చి తిప్పారు. తుప్పు పట్టి మొదట మొరాయించింది. ఇద్దరం కలిసి తిప్పితే కదిలింది. అంతే. ఏడాదిగా పాపాయమ్మ తిరిగిందీ, వీధి ఆడవాళ్ళు కార్డులు పోగేసిందీ ఇద్దరు మగవాళ్ళు ఒక్కసారి నడుములు వంచి తిప్పాల్సిన పని కోసం.

వీధిలోంచి గోల వినిపించింది. వెళ్ళి చూస్తే పాపాయమ్మ బండి పక్కన కుళాయి బుసబుసలాడి, ఎర్రనీళ్ళు కక్కి, ఆ తర్వాత తెల్లగా ధార కట్టింది. బిందె పెట్టడం మర్చిపోయి ఆవిడ రెండు మోకాళ్ళూ ఆ ధార కింద పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో, మొహమంతా నీళ్ళే.

మర్నాడు ఆ వీధివాళ్ళు తిన్నగా వచ్చి నీటిపన్ను నోట్లతో కట్టేశారు. వాళ్ళని చూసి మిగతా వీధులు తమ పాత కుళాయిలకీ వాల్వులు తిప్పమన్నాయి. తాతారావు గారు ఆ ఇతరములు కార్డే చూపిస్తూ తిప్పుకుంటూ పోయారు. పన్నులు నోట్లలో పడ్డాయి, మా జీతాలు వచ్చాయి. సేవాభాగ్యం పథకం మాత్రం ఈనాటికీ రద్దు కాలేదు. రద్దు కార్డు ఇంకా ఎవరికీ పడలేదు. కమీషనరు గారు ఫోన్లోంచి మాయాసంగ్రామం తీసేశారని అమ్మగారు చెప్పారు. సాయంత్రాలు ఆయన గోనెపట్టా మీదే ఉంటారు, నాలుగు బిందెలు నింపలేక ఓడిపోతూ, టీలు తాగుతూ.

ఆ నీళ్ళు వచ్చిన రోజు సంగతి ఇంకొక్కటి ఉంది. ఆ పూట నా జేబులో కుక్క కార్డు తప్ప ఏమీ లేదు. ఆకలి దంచేస్తోంది. బల్ల మీద కూర్చుని, మొహం చెల్లక నేలచూపులు చూస్తున్నాను.

"ఏం పడింది గుమాస్తా గారూ?" అంది పాపాయమ్మ.

"కుక్క."

"అయ్యో పాపం! ఏం పెట్టమంటారు?"

"పెసరట్టు పెడతావా అమ్మా? అల్లం, పచ్చిమిరప వేసి."

"సూద్దామండి. మీ అదృష్టం ఎలా ఉందో," అని మూతి బిగించి, అటు తిరిగి పెనం మీద ఏదో వేసి, మూత పెట్టింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ నా మొహమే చూస్తున్నారు. మూత తీస్తుంటే, నిజం చెప్తున్నాను, నా గుండె దడదడలాడింది.

నేను అడిగింది పెసరట్టు. ఆవిడ నా ఆకులో పెట్టిందీ పెసరట్టే.